యూసుఫ్ మాస్టర్ కుట్టని కోటు

నిజామాబాద్ బట్టల దుకాణాల్లో కొత్తగా చేరినవాళ్ళకు ఒక కథ చెప్తారు. యూసుఫ్ అని ఒక కటింగ్ మాస్టర్ ఉండేవాడట. ఆయన నిర్లక్ష్యంగా కుట్టిన కోటు ఇంటర్వ్యూకు వెళ్ళిన మనిషి ఒంటి మీదే బుడగలు బుడగలుగా ఉబ్బిందట. దాంతో ఆయన్ని పనిలోంచి తీసేశారట. ఆ కథ తప్పు. ఆ కోటును చెడగొట్టింది నేను. నేరం ఆయన మీద వేసిందీ నేనే.

ఇరవై ఆరేళ్ళు నేను ఈ ఊళ్ళో ఒకే దుకాణంలో సూట్లు అమ్మాను. నిలబడి నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బి, ఇక ఈ పని వద్దని డాక్టర్ చెప్పడంతో యాభై మూడో ఏట మానేశాను. మానేసిన రోజు దుకాణంలో టీ, సమోసా పెట్టారు. పక్క దుకాణం మేనేజర్ వచ్చి, కొత్తగా చేరినవాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ కోటు కథ చెప్పాడు. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. సమోసా మాత్రం ప్లేటులోనే వదిలేశాను.

ఇది రెండు రకాల మనుషుల కోసం రాస్తున్నాను. కౌంటర్ వెనక నిలబడబోయేవాళ్ళు ఒకరు. నెల జీతంలోంచి కాస్త మిగుల్చుకుని, పనికి వేసుకెళ్ళడానికి ఒక్క మంచి సూటు కొనుక్కుందామని కౌంటర్ ముందుకొచ్చేవాళ్ళు ఇంకొకరు. మొదటివాళ్ళు రెండోవాళ్ళను ఎలా మోసం చేస్తారో నాకంటే బాగా చెప్పగలిగినవాడు ఈ జిల్లాలో దొరకడు.

మొదటి రోజు పాఠం

మా యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. ఆయన పుట్టింది ఆర్మూర్ పక్కన పసుపు పండించే ఇంట్లోనే. ఇక్కడ గల్లా దగ్గర కూర్చున్న ప్రతివాడూ సేటే. నేను చేరిన రోజు ఆయన నాకు గుడ్డ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నేరుగా ట్రయల్ గదిలోకి తీసుకెళ్ళి అద్దం ముందు నిలబెట్టాడు. ఆ అద్దం పైభాగం గోడకు ఆనుకుని ఉంది, కింది భాగం నాలుగు వేళ్ళ దూరం ముందుకు జరిపి ఉంది.

"ఏం కనబడ్తున్నది?" అన్నాడు.

"నేనే, జర పొడుగు కనబడ్తున్న సేట్."

"గదే. బయటికి పోయినంక మల్ల పొట్టిగైతడు. గప్పటికి బిల్లు అయిపోతది."

ఇదీ నా చదువు. తర్వాత లైట్లు. పసుపు రంగు లైటు కింద నలుపుకూ నేవీ బ్లూకూ తేడా తెలియదు, నాసిరకం మెరుపు కూడా పట్టులా కనిపిస్తుంది. మీరు ఎప్పుడు సూటు కొన్నా దాన్ని దుకాణం గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో చూడండి. సేల్స్‌మన్ వద్దని అడ్డం వస్తే ఆ గుడ్డ మీకు వద్దు.

మూడోది నేను సొంతంగా కనిపెట్టింది, సేటు నేర్పింది కాదు. ఉన్ని దారాన్ని కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ దారం కరిగి గట్టి ఉండ అవుతుంది. ఈ సంగతి తెలిసిన కొనుగోలుదారులు అప్పుడప్పుడు వస్తుండేవారు. వాళ్ళ కోసం నా చొక్కా జేబులో ఒక పాత కోటు నుంచి లాగిన అసలైన ఉన్ని దారాలు పెట్టుకునేవాణ్ణి. వాళ్ళు చూపించిన గుడ్డ అంచును గోటితో గీకి, జేబులోని దారాన్ని వేళ్ళ మధ్యకు తెచ్చి అగ్గిపుల్ల గీసేవాణ్ణి. వాసన చూసి తల పంకించేవారు. మా దుకాణంలో నిజాయితీగా పనిచేసింది ఆ దారం ఒక్కటే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పాలిస్టర్, విస్కోస్ కలిసిన గుడ్డ పాపం కాదు. మే నెల నిజామాబాద్‌లో, మధ్యతరగతి జేబుకు, పలుచగా నేసిన మంచి మిశ్రమం గుడ్డ చాలు. అది బాగా మన్నుతుంది, త్వరగా నలగదు. దాన్ని ఉన్ని అని చెప్పి ఉన్ని ధరకు అమ్మడమే పాపం. గుప్పిట్లో పట్టి పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ముడతలు వాటంతట అవే విచ్చుకుంటే గుడ్డ బాగున్నట్టు. కాగితంలా మడతలు నిలిచిపోతే పక్కన పెట్టండి. వెలుతురులో అద్దంలా తళతళలాడితే అసలు ముట్టుకోకండి. ఆ తళతళ ఒక్క రాత్రి రిసెప్షన్ స్టేజీ మీద బాగుంటుంది. ఆఫీసులో వేసుకుంటే, పెళ్ళికొడుకు పెళ్ళి వదిలేసి ఫైళ్ళు చూసుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది.

ఊరు తిరిగే పెట్టెలు

మా వైపు శుభకార్యాల్లో మగవాళ్ళకు సూట్ పీస్ పెట్టడం ఒక మర్యాద. అందంగా ప్యాక్ చేసిన పెట్టె, పైన ఒక విదేశీ పేరు, లోపల గుడ్డ. పుచ్చుకున్నవాడు దాన్ని కుట్టించుకోడు. బీరువాలో దాచి వచ్చే ఏడు ఇంకొకరికి పెడతాడు. వాళ్ళు మరొకరికి. నేను పెట్టె అడుగున పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టేవాణ్ణి. అలా గుర్తు పెట్టిన పెట్టె ఒకటి నాలుగేళ్ళు ఊరంతా తిరిగి, ఎవరో కుట్టించుకుందామన్న ధైర్యం చేయగా మళ్ళీ మా కౌంటర్ మీదికే వచ్చింది.

ఆ ధైర్యవంతుడు ఒక బ్యాంకు ఉద్యోగి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. వెంట మేనమామను తెచ్చుకున్నాడు. సూటు కొనడానికి వచ్చే ప్రతివాడి వెంటా ఇలాంటి ఒక మేనమామ ఉంటాడు. జన్మలో కోటు తొడగడు, సలహా మాత్రం ఇస్తాడు. ఆ పెట్టెను పైకి, కటింగ్ గదికి పంపాను. కాసేపటికి యూసుఫ్ మాస్టరే మెట్లు దిగి వచ్చాడు.

యూసుఫ్ మాస్టర్ గురించి ఇక్కడ చెప్పాలి. బోధన్ మనిషి. సన్నగా, మెడలో టేపుతో, ఎప్పుడూ చెవి వెనక సుద్దముక్కతో ఉండేవాడు. మా దుకాణంలో కోటు కోయడం తెలిసినవాడు ఆయన ఒక్కడే. కత్తెర ఆయన సొంతం, దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

గుడ్డను కౌంటర్ మీద పరిచి, టేపు పెట్టి చూపించాడు. "సార్, గిండ్ల కోటన్న అయితది, ప్యాంటన్న అయితది. రెండు గావాలంటే ఎవ్వరన్న దోస్తును జూస్కొని, ఒకలు మీద, ఒకలు కింద తొడుక్కోవాలె."

మేనమామకు కోపం వచ్చింది. "గిది ఫారిన్ మాల్ భాయ్."

"ఫారిన్ల మనుషులు చిన్నగుంటరేమో సాబ్," అన్నాడు మాస్టర్.

ఆ పెట్టెల్లో సగానికి సగం గుడ్డ తక్కువగానే ఉంటుంది. అమ్మే మాకు ఆ సంగతి తెలుసు. ఎవరూ విప్పరన్న ధీమా. ఎవరైనా సూట్ పీస్ పెడితే సంతోషంగా పుచ్చుకోండి, పెట్టె మీద బొమ్మ చూసి ఆనందించండి, సూటు మాత్రం వేరే గుడ్డతో కుట్టించుకోండి.

మాస్టర్ చెప్పినవి

నేను అమ్మింది ఇరవై ఆరేళ్ళు. తెలుసుకున్నదంతా యూసుఫ్ మాస్టర్ పక్కన నిలబడి చూసినదే. ఆయన దగ్గర విని, కౌంటర్లో కావాలనే మరిచిపోయిన విషయాలు ఇవి.

ముందు భుజం. రెడీమేడ్ కోటు తొడుక్కుని ఒక గోడకు పక్కగా ఆనుకోండి. మీ భుజం కంటే ముందు కోటు భుజం గోడకు తగిలి నలిగితే అది పెద్దది. చెయ్యి మొదలయ్యే చోట గుంత పడితే చిన్నది. మాస్టర్ అనేవాడు, "నడుము నేను సరిజేస్త, చేతులు సరిజేస్త, పొడుగు సరిజేస్త. భుజం మాత్రం నాతోని కాదు. భుజం తప్పితే కోటు ఈడ్నే ఇడ్సిపెట్టమను." నేనేమో భుజం తప్పిన ప్రతివాడికీ "రెండు సార్లు తొడిగితే సెట్టయితది సార్" అని చెప్పి పంపేవాణ్ణి. కోటు భుజం చెప్పు కాదు, వాడితే వదులవడానికి.

తర్వాత చంక. బస్సులో పై కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యెత్తండి. కోటు మొత్తం మీతో పాటు లేచి వస్తే చంక మరీ కిందికి కోసినట్టు. అద్దం ముందు పోలీసులా నిలబడి చూసుకుంటే ఏ కోటైనా బాగుంటుంది. కూర్చోండి, వంగండి, జేబులో చెయ్యి పెట్టండి. చేతులు దించితే చొక్కా కఫ్ వేలు వెడల్పున కనిపించాలి. వెనక కాలర్ మెడకు అంటుకుని ఉండాలి, మధ్యలో సందు ఉండకూడదు.

రంగు నేవీ బ్లూ, లేదంటే ముదురు బూడిద. ఒక్కటే సూటు ఉండేవాడికి మూడో రంగు అక్కర్లేదు. నల్ల కోటు ఎందుకు కొంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కోర్టులో వకీలుకు, హోటల్లో వడ్డించేవాడికి అది యూనిఫాం. మీరు ఆ రెండూ కానప్పుడు దాన్ని తొడుక్కుని నిలబడితే ఎవరో ఒకరు కేసు గురించో, మంచినీళ్ళ గురించో అడుగుతారు. వేస్టుకోటు, టై, బ్రోచు, జేబురుమాలు అన్నీ కలిపి ఒకే ధరకు ఇచ్చే సెట్టు కొనకండి. ఆ ధరలో కోటు మీద పెట్టాల్సింది బ్రోచు మీద పెట్టారు. ఆ డబ్బుతో అదే గుడ్డలో రెండో ప్యాంటు కుట్టించుకోండి. కోటు కంటే ప్యాంటు ముందు అరుగుతుంది. ఒక కోటు, రెండు ప్యాంట్లు ఉంటే సూటు రెట్టింపు కాలం వస్తుంది. ఇది నేను ఏ ఒక్క కస్టమర్‌కూ చెప్పలేదు. చెప్తే ఆయన రెండో సూటు కొనడానికి త్వరగా రాడు.

చివరిది, నా కథకు కావాల్సింది. కోటు ఛాతీ నిలబడేది లోపల ఉండే పొర వల్ల. ఆ పొర రెండు రకాలు. ఒకటి కాన్వాసు, గుడ్డకు చేతి కుట్లతో పట్టిస్తారు. రెండోది ఫ్యూజింగ్, జిగురు పూసిన పొర, వేడితో గుడ్డకు అంటిస్తారు. మంచి యంత్రం మీద అంటించిన ఫ్యూజింగ్ తప్పేం కాదు, తక్కువ ధర కోట్లన్నీ దాని మీదే బతుకుతాయి. ఇస్త్రీపెట్టెతో అంటించినది మాత్రం మోసం, తడిస్తే జిగురు ఊడి గుడ్డ బుడగలు లేస్తుంది. ఛాతీ దగ్గర పై గుడ్డను, లోపలి లైనింగును రెండు చేతులతో పట్టి విడదీయండి. మధ్యలో ఇంకొక పొర విడిగా కదిలితే అది కాన్వాసు. కదలకపోతే జిగురు. జిగురైతే జిగురు ధరే ఇవ్వండి.

కాన్వాసును వాడే ముందు మాస్టర్ ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టేవాడు, నీడలో ఆరబెట్టేవాడు. నీళ్ళు తాపడం అనేవాడు దాన్ని. ముడుచుకునేది ఏదో ముందే ముడుచుకోవాలి, మనిషి ఒంటి మీద కాదు. ఆ తర్వాత చేతి కుట్లు, ఒక ట్రయల్, మళ్ళీ విప్పి సరిచేయడం. మొత్తం ఐదు రోజులు. సేటు అడిగినా, ఎమ్మెల్యే అడిగినా ఐదు రోజులే.

రెండు రోజుల కోటు

తొమ్మిదేళ్ళ క్రితం వానాకాలంలో ప్రసాద్ గారు వచ్చారు. వర్ని దగ్గర క్యాంపు మనిషి, అంటే వలస రైతుల ఊరివాడు. తాతల కాలంలో కాలువ కింద భూములకని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఆయన చక్కెర ఫ్యాక్టరీ చెరకు విభాగంలో పనిచేసేవారు, ఫ్యాక్టరీలో గానుగ ఆగిపోయి ఖాళీగా ఉన్నారు. పుణెలో ఒక చక్కెర కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది.

"మంచి కోటు కావాలండి. కాన్వాసుతో కుట్టేదే. ఎక్కువ పెట్టుకోలేను గానీ, ఒక్కటైనా సరైంది ఉండాలి. ఎల్లుండి సాయంత్రం బస్సు," అన్నారు.

ఆయనకు ఏం కావాలో తెలుసు. అలాంటివాళ్ళు అరుదుగా వస్తారు. ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒక్కటే. రెండు రోజుల్లో కాన్వాసు కోటు కాదు సార్, మంచి రెడీమేడ్ తీసుకోండి, భుజం సరిపోయేది నేనే వెతికిస్తా, నడుము మాస్టర్ ఇప్పుడే సరిచేస్తాడు. అంతే. కానీ కౌంటర్లో "కాదు" అనే మాట నేను ఎన్నడూ నేర్చుకోలేదు. "అయిపోతది సార్" అన్నాను.

సాయంత్రానికి మాస్టర్ గుడ్డ కోసిపెట్టాడు. గడువు చెప్పగానే కత్తెర పక్కన పెట్టాడు.

"నీళ్ళు తాపకుంట కుడితె వానల దడ్సినప్పుడు తాగుతది. గప్పుడు గుడ్డ ఒక దిక్కు, కాన్వాసు ఒక దిక్కు గుంజుతది. ఐదొద్దులు గావాలె."

"మాటిచ్చిన మాస్టర్."

"నువ్విచ్చిన మాట నువ్వే కుట్టుకో."

మర్నాడు మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు మెట్లెక్కి కటింగ్ గదిలోకి వెళ్ళాను. కోసిన ముక్కలన్నీ మూట కట్టాను. వెనక గల్లీలో బ్యాండు మేళాలకు డ్రెస్సులు కుట్టే ఒక షెడ్డు ఉండేది. అక్కడ ఇచ్చాను. వాళ్ళు ఇస్త్రీపెట్టెతో ఫ్యూజింగ్ అంటించి, ఒక్క రోజులో కోటు నిలబెట్టారు. కాలర్ లోపల మా దుకాణం లేబుల్ నేనే దగ్గరుండి కుట్టించాను. మాస్టర్ వచ్చి ముక్కలేవని అడిగితే, "పార్టీ వాపస్ తీసుకపోయిండు, వేరే దగ్గర కుట్టిచ్చుకుంటడట" అన్నాను. ఆయన నమ్మాడు.

కొత్త ఫ్యూజింగ్ కోటు మొదటి రోజు కాన్వాసు కోటు కంటే నీటుగా కనిపిస్తుంది. ప్రసాద్ గారు అద్దంలో చూసుకుని మురిసిపోయారు. అదే వంచిన అద్దంలో. కాన్వాసు ధరే తీసుకున్నాను.

బుడగలు

వారం తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. పండగ ముందు రోజులు, దుకాణం నిండా జనం. కోటును గాజు కౌంటర్ మీద పరిచారు. ఛాతీ రెండు వైపులా గుడ్డ అప్పడంలా పొంగి ఉంది.

"పుణెలో దిగేసరికి వానండి. తడిసింది. లాడ్జిలో ఇస్త్రీ చేయించాను. ఇదిగో, ఇలా లేచింది. వేరేది లేదు, దీన్నే తొడుక్కుని వెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. ఒక్కడూ నా మొహం చూడలేదండి, ముగ్గురూ నా ఛాతీనే చూశారు. ఎవరండీ దీన్ని కుట్టింది? పిలవండి."

సేటు నా వైపు చూశాడు. ఆ చూపుకు జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది.

"మాస్టర్ కుట్టిండు సేట్. ఐదొద్దుల పని రెండొద్దులల్ల చేసిండు. నేను వద్దంటనే ఉన్న."

మాస్టర్ మెట్లు దిగి వచ్చాడు. కోటును తిరగేశాడు, ఛాతీని వేళ్ళతో నలిపాడు, లోపలి కుట్టు చూశాడు. అంతా అర్థమైపోయింది.

"కటింగ్ నాది. కుట్టు నాది గాదు," అన్నాడు.

"మరెవలిది? లేబుల్ మనది గాదా?" అని సేటు అరిచాడు.

మాస్టర్ నా వైపు తిరిగాడు. "నర్సింగ్, నువ్వు చెప్తవా?"

నేను అప్పుడు ఒక చొక్కా గుడ్డ మడత పెడుతున్నాను. మడత పెట్టిన గుడ్డనే విప్పి మళ్ళీ మడత పెట్టాను. "నేనేం చెప్పాలె మాస్టర్? నువ్వు కుట్టిందే గద."

ఆయన పైకి వెళ్ళి కత్తెరను గుడ్డలో చుట్టుకుని, జనం మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. సేటు ప్రసాద్ గారికి ఒక రెడీమేడ్ కోటు ఉత్తిగానే ఇచ్చి, మాస్టర్ని తీసేశానని అందరికీ వినబడేలా చెప్పాడు. దుకాణం పరువు నిలబడింది. ప్రసాద్ గారికి ఆ ఉద్యోగం రాలేదు.

అంతటితో ఆగలేదు. సేటు ఊళ్ళో సూట్లు కుట్టించే నాలుగు దుకాణాల వాళ్ళకు ఫోన్ చేసి, వాడు మీ దగ్గరికొస్తే జాగ్రత్త అని చెప్పాడు. ఎవరూ పని ఇవ్వలేదు. వారం తిరిగేసరికి ఆయనకొక పేరు పడింది, బుడగల మాస్టర్ అని. ఆ పేరు పెట్టింది నేను కాదు. కానీ ఎవరన్నా అన్నప్పుడల్లా అందరికంటే పెద్దగా నవ్వింది నేను. ఆయన బోధన్ వెళ్ళిపోయి స్కూలు యూనిఫాంలు కుడుతున్నాడని విన్నాను. ఒక్కసారీ వెళ్ళి చూడలేదు. నా సమోసా రోజు దాకా.

బోధన్

పోయిన చలికాలంలో వెళ్ళాను. బజారు లోపల ఒక చిన్న గది. బయట ఇద్దరు ఆడవాళ్ళు మరాఠీలో బేరమాడుతున్నారు. లోపల నీలం నిక్కర్లు, తెల్ల చొక్కాలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. మాస్టర్ గడ్డం పూర్తిగా నెరిసింది. మిషను ఆపకుండానే తల ఎత్తాడు.

"సలాం మాస్టర్. నేను నర్సింగ్‌ను."

"కనబడ్తున్నది. కండ్లింక పోలే. కూసో. గా స్టూల్ మీది అంగీలు కింద పెట్టకు, తెల్లయి, మాసిపోతయ్."

చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. షెడ్డు, ఇస్త్రీపెట్టె, లేబుల్, అన్నీ చెప్పాను. ఆయన ఒక నిక్కరు పూర్తి చేసి ఇంకొకటి మొదలుపెట్టాడు.

"ఇది నాకెందుకు చెప్తున్నవ్? నాకెర్క లేదా? కోటు తిరగేసిన్నాడే ఎర్క."

"మరి ఆనాడు గట్టిగ చెప్పకపోతివి?"

"చెప్పిన గద, కుట్టు నాది గాదని. ఎవడిన్నడు? కౌంటర్ల నిల్సున్నోడు చెప్తె అది మాట. మిషను మీద కూసున్నోడు చెప్తె అది సాకు."

"మాఫీ అడుగుదామని వచ్చిన మాస్టర్."

మిషను అప్పుడు ఆగింది. "గీ రూంల అడిగిన మాఫీ గీ రూంలనే ఉంటది. తొమ్మిదేండ్ల సంది నన్ను బుడగల మాస్టర్ అంటున్నరు. నా బిడ్డ లగ్గంల గూడ ఒకడన్నడు. నువ్వు నా పేరు మందిల ఖరాబు చేసినవ్. మందిలనే చెప్పు."

"ఏడ చెప్పాలె?"

"గది గూడ నేనే కట్ చేసియ్యాల్నా నీకు?" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

టీ ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు ఎందుకో ఊరట కలిగింది.

మందిలో

ముందు క్యాంపుకు వెళ్ళి ప్రసాద్ గారిని కలిశాను. ఇప్పుడు వరి సాగు చేసుకుంటున్నారు. గట్టు మీద నిలబడే మొత్తం విన్నారు. కొట్టినా కొట్టేవారేమో, చేతిలో పార ఉంది.

"తొమ్మిదేళ్ళుగా ఆ మాస్టర్ని తిడుతున్నానండి. కనబడ్డ ప్రతివాడికీ చెప్పాను. మీరొచ్చి ఇప్పుడు తీరిగ్గా చెప్తే, నేను తిట్టిన తిట్లన్నీ ఎక్కణ్ణుంచి ఏరుకు రావాలి?"

"ఆ కోటు ఉందా సార్?"

"పొలంలో దిష్టిబొమ్మకు తొడిగానండి. పిట్టలు కూడా లెక్కచేయలేదు." నవ్వలేదాయన. పార గట్టున గుచ్చి, "ఎక్కడ చెప్పబోతున్నారో చెప్పండి. నేనూ వస్తాను. ఆయనకి నేను కూడా బాకీ ఉన్నాను," అన్నారు.

బట్టల వ్యాపారులూ టైలర్లూ ఏడాదికొకసారి కలిసి భోజనాలు పెట్టుకుంటారు. ఈసారి ఊరి చివర ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. యూసుఫ్ మాస్టర్‌కు కబురు పంపితే, బళ్ళు తెరుస్తరు, యూనిఫాంలు ఇయ్యాలె, నాకు టైం లేదన్నాడు. సేటు మొదటి వరసలో కూర్చున్నాడు. ఆయన ఫోన్ చేసిన నలుగురూ అదే వరసలో ఉన్నారు. ప్రసాద్ గారు గోడ దగ్గర నిలబడ్డారు. రెండు నిమిషాలు అడిగి మైకు తీసుకున్నాను.

అంతా చెప్పాను. కోటు సంగతి, షెడ్డు, నమాజు వేళ నేను మెట్లెక్కడం, గుడ్డ మడత పెట్టడం. సేటు లేచాడు.

"నర్సింగ్, పాత పంచాదులు ఇప్పుడెందుకు? తిని పో."

"మీరు ఫోన్ చేసి చెప్పిన నలుగురు మీ పక్కకే ఉన్నరు సేట్. ఆళ్ళు ఇన్నంక తింట."

వెనక నుంచి ఆర్మూర్ టైలర్ ఒకాయన, చాలా పెద్దాయన, కూర్చున్న చోటి నుంచే అడిగాడు. "ఒక్క కోటేనా బిడ్డా? ఇంకెంతమంది మీదికి నూకినవ్ నీ తప్పులు?"

"యాదికి లేదు తాతా," అన్నాను. అది నిజం. చిన్నవి చాలా ఉన్నాయి. పొట్టి అయిన చేతులు, బిగుతైన నడుములు, గడువు తప్పిన పెళ్ళి సూట్లు. ప్రతిసారీ "మాస్టర్ గట్ల కుట్టిండు సార్" అన్నాను. మాస్టర్లు పైనుంటారు, కస్టమర్‌కు కనబడరు. కనబడనివాడి మీద వేయడం తేలిక. హాల్లో ఉన్న టైలర్లలో ఒక్కడూ ఆశ్చర్యపోలేదు. ఈ సంగతి వాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు, కౌంటర్ మనిషి నోటి నుంచి వినడమే మొదటిసారి.

ప్రసాద్ గారు మైకు దగ్గరికి రాలేదు. గోడ దగ్గర నుంచే గట్టిగా అన్నారు. "ఆ కోటు వేసుకుంది నేనేనండి. యూసుఫ్ మాస్టర్ కుట్టింది కాదది. ఇకమీదట ఎవరన్నా ఆ పేరుతో పిలిస్తే నా దగ్గరికి పంపండి."

నెల తర్వాత ఆ నలుగురిలో ఒక దుకాణం యజమాని నాకు ఫోన్ చేశాడు. పెళ్ళిళ్ళ సీజన్‌కు కటింగ్ మాస్టర్ కావాలని ఆయనే స్వయంగా బోధన్ వెళ్ళి యూసుఫ్ మాస్టర్ని అడిగాడట. యూసుఫ్ మాస్టర్ వస్తానన్నాడట, మూడు షరతుల మీద.

"ఐదొద్దులకు తక్కువ కోటు ఇయ్యడట. ట్రయల్ లేకుంట ఇయ్యడట. సరే, గవి ఒప్పుకున్న. మూడోది ఇను నర్సింగన్నా. కౌంటర్ల పనిచేసేటోడు ఎవ్వడు గూడ మెట్లెక్కి కటింగ్ రూముల కాలు పెట్టొద్దట. నా సేల్స్‌మన్లు నారాజైతున్నరు. గట్లైతె దుకాణం ఎట్ల నడుస్తది? నువ్వు జర మాట్లాడు మాస్టర్‌తోని."

మాట్లాడనని చెప్పాను. ఒప్పుకొమ్మన్నాను. ఆ షరతును పెద్ద అక్షరాలతో రాయించి మెట్ల మొదట్లో గోడకు పెట్టమన్నాను. ఎందుకని సేల్స్‌మన్లు ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పమన్నాను.

పెట్టాడు. నేను వెళ్ళి చూశాను. కింది మెట్టు దగ్గరి దాకానే.